వైరు మీద పోయిన పుస్తకం

12 మార్చి 1998, గురువారం. నల్గొండలో ఎండ అప్పుడే ముదిరింది. పొద్దున నీళ్ల తొట్టి కడిగాను.

మా టైపు దుకాణం ముందు గదిలో నా భార్య యాదమ్మ టైపు చేసే కంప్యూటర్ నుంచి లోపలి గదిలోని పాత కంప్యూటర్‌కు, ఒకచోట చెడితే ఇంకోచోట ఉంటాయని, వైరు మీదుగా రోజూ ఫైళ్లన్నీ కాపీ చేసేవాణ్ణి. అది పూర్తికాకముందే కరెంటు పోయేది. "గీ వైరు కంటె బర్రె నయం, జర జల్దీ నడుస్తది," అని యాదమ్మ ఎత్తిపొడిచేది. అందుకే మొన్న, ఆ రోజు మారిన ఫైళ్లు మాత్రమే వెళ్లేలా చేశాను. నిన్న చాయ్ చల్లారేలోపే పని అయిపోయింది. సంతోషపడ్డాను.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఖలీల్ సారు రాసి మాకు టైపుకిచ్చిన పానగల్ ఊరి చరిత్ర ఫైలు చెడిపోయిందని ఈరోజు తెలిసింది. చెడిపోవడం కూడా మార్పే కదా. నిన్న సాయంత్రం కాపీ ఆ చెడిన ఫైలును తీసుకెళ్లి లోపలి గదిలో బాగున్నదాన్ని చెరిపేసింది. ఇప్పుడు రెండు చోట్లా పిచ్చి గీతలే.

ఇందాక సారు వచ్చారు. ఆయనకు ఒక కన్ను ఇదివరకే పోయింది.

"జల్దీ అచ్చుకియ్యి బిడ్డా, రెండో కన్ను ఉండంగనే సూసుకుంట."

"మీరు రాసిన కాయితాలు ఉన్నయా సార్?" అని అడిగాను.

"చెదలు పట్టినయ్. నువ్వు కంప్యూటర్ల ఎక్కించినవ్ గదా అని పొయ్యిల ఏసిన. ఇగ ఫికర్ లేదు."

యాదమ్మ నా మొహం చూసింది. నేను కంప్యూటర్ తెర ఆపేశాను. సారు రేపు మళ్లీ వస్తానన్నారు, మొదటి పేజీ చదివి వినిపించాలట.

వైరు పీకి చుట్టి పెట్టాను. ఈరోజు జమాఖర్చు: జమ ఏమీ లేదు, ఖర్చు ఒక పుస్తకం.