తువ్వాలు కుచ్చులు

అక్కా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉన్నావని ఇష్రత్ ఫోన్‌లో చూశాలే.

పరీక్షలయ్యేదాకా నా ఫోన్ నాన్న దగ్గరే. అందుకే ఈ లెటర్. ఇష్రత్ వాళ్ళమ్మ బాపట్ల వస్తోంది, ఆవిడతో పంపిస్తున్నా. చదివి చింపెయ్. పోయినసారి అడిగావుగా, తాతయ్య బానే తింటున్నాడు. మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. బొమ్మలు గీస్తున్నావా అన్నావు. లేదు.

నువ్వు పనిచేసే రిసార్ట్‌కి ఇష్రత్ వాళ్ళన్న వెళ్ళాడంట. రిసెప్షన్ గోడ ఫోటో స్టేటస్ పెట్టాడు. "చూడవే, ఎంత మినిమలిస్ట్‌గా ఉందో! మీ అక్క వేసిందంట, నీకు చెప్పలేదా?" అంది ఇష్రత్. తెల్ల గోడ మీద ఒక్క నల్ల గీత, భుజం మీంచి ముందుకి పడ్డ జడలాగా. చివర మూడు చిన్న గీతలు. పైన ఎర్ర చుక్క. అంతే.

అది జడ కాదక్కా. తువ్వాలు. తాతయ్య నాటకాల్లో రాణి వేషం కట్టినప్పుడు జనం వన్స్ మోర్ అని అరిస్తే, జడ అలా ముందుకి విసిరి మళ్ళీ పద్యం ఎత్తుకునేవాడంట. నాన్న లేనప్పుడు తలుపేసి, తువ్వాలు జడలా వేసుకుని నాకు చేసి చూపించాడు. ఆ మూడు గీతలు దాని కుచ్చులు. నేను ఆ బొమ్మ గీసి నీ ఒక్కదానికే చూపించా. "ఎవరికీ చెప్పనే, ప్రామిస్" అన్నావు.

నువ్వేమో కింద ఇంగ్లీషులో "మా తాతయ్య, రాణి వేషంలో" అని రాసి నీ పేరు పెట్టుకున్నావు. రేపల్లెలో చిన్నప్పుడు నాన్నని "ఏరా, మీ రాణిగారు లేచారా?" అని ఏడిపించేవాళ్ళని నీకు తెలుసుగా. అందుకేగా తాతయ్య వేషాల ఫోటోలన్నీ నాన్న పొయ్యిలో పడేసింది. మళ్ళీ వేషాల మాటెత్తితే రేపల్లె పోయి ఒక్కడివే ఉండు అని తాతయ్యని అనలేదా? ఆదివారం గిరీష్ బాబాయ్ కూతురి పెళ్ళి మీ రిసార్ట్‌లోనే. నాన్న వస్తున్నాడు. ఆ గోడ చూశాడంటే తాతయ్యని రేపల్లె పంపించేస్తాడక్కా.

ఇంకోటి. ఇష్రత్ ఆ ఫోటో తాతయ్యకి చూపించేసింది. "మీ మనవరాలు వేసింది తాతయ్యా!" అంది. ఆయనకి ఇంగ్లీషు రాదుగా. చాలాసేపు చూసి, "కుచ్చులు కూడా వేశారే" అన్నాడు. ఇష్రత్ వెళ్ళాక, "నువ్వేనామ్మా వేసింది?" అన్నాడు.

నేనే అన్నా. నీ పేరు చెప్పలేదు. మనిద్దర్లో ఒక్కరైనా మిగలాలి కదా ఆయనకి.

ఆదివారం లోపు అది చెరిపించెయ్. ప్లీజ్. తాతయ్య ఇప్పుడు తువ్వాలు భుజాన వేసుకోవట్లేదు. మడిచి బీరువాలో పెట్టేశాడు.

ఇట్లు,
నీ చెల్లి
ప్రసూన

ఈ లెటర్ కిందైనా నీ పేరు పెట్టుకోకు.