పెనం మీద కొవ్వుముక్క

అక్కా,

నీ కూతురు నొమిన్ పెళ్లాడతానంటున్న తెమూలెన్‌ను చూసి రమ్మన్నావు కదా. అమ్మను వెంటబెట్టుకుని, ఉలాన్‌బాతర్‌లో అతను కొత్తగా పెట్టిన హోటల్‌కు వెళ్లాను. బయట ‘మంగోల్ పెనం’ అని బోర్డు. మన వంటంటే ఎముకతో ఉడికించిన మాంసం కదా, లోపల వెతికినా ఒక్క ఎముక లేదు! పచ్చి మాంసం, కూరలు, అనాసముక్కలు ఎవరి గిన్నెలో వాళ్లే నింపుకుని వెళ్తే, అతను పెద్ద ఇనుప పెనం మీద వేయించి ఇస్తాడు. పెద్దవాళ్లకు ముందు వడ్డించడం కూడా లేదు. ఇలాంటివాడు మన పిల్లను ఏం చూసుకుంటాడనిపించింది.

ఇంతలో అమ్మ, మన ఆచారం ప్రకారం మొదటి ముక్క నిప్పుకే పెట్టాలని, పెనం మీదికి కొవ్వు విసిరింది. గుప్పున పొగ లేచింది.

"ఏంటయ్యా ఆ కంపు? తీసి పారెయ్!" అని వెనకాయన అరిచాడు.

"అది నిప్పు వాటా బాబాయ్, మనది కాదు. కాలనివ్వు," అన్నాడు తెమూలెన్.

అమ్మ అక్కడికక్కడే "పిల్లనిచ్చెయ్యండి" అనేసింది. నాకే మనసొప్పడం లేదు. మేమెవరమో అతనికి తెలుసు. అది నిజంగా నమ్మి అన్నాడో, మేము చూస్తున్నామని అన్నాడో!

నాది ఉత్త అనుమానమే అంటావు. కావచ్చు. వచ్చేవారం అతనెరగని స్నేహితురాలిని పంపి, మళ్లీ పెనం మీదికి కొవ్వు విసరమంటాను. అంతవరకు సరేననకు.

నీ చెల్లెలు