తాళం వేసిన తుఫాను షెల్టరు

అన్నా,

తుఫాను నిన్ను తీసుకుపోయి నేటికి మూడేళ్ళు. ఇవాళ మళ్ళీ తుఫాను వచ్చింది. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నువ్వు పోయాక పరాయి దేశం సాయంతో మన ఊళ్ళో షెల్టరు కట్టారు. కానీ తాళం తీయనివ్వలేదు. ఆ సాయం తీసుకుంటే దేశం పరువు పోతుందని ఒక పార్టీ అడ్డం పడింది. అది తెచ్చింది తామేనని, తమ నాయకుడొచ్చి రిబ్బను కత్తిరించాలని ఇంకో పార్టీ పట్టుబట్టింది.

మధ్యాహ్నానికి సముద్రం ఇళ్ళలోకి వచ్చేసింది. పిల్లల్నెత్తుకుని అందరం షెల్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆ వానలోనూ రెండు పార్టీల వాళ్ళు తలుపు ముందు నిలబడి వాదించుకుంటున్నారు.

వదిన వాళ్ళ మధ్యకి వెళ్ళింది.

"ఎవురు కట్టిస్తే ఏంది? మా ఆయన పోయిన నాడు మీరంతా యాడున్నారు? ఇప్పుడు నా బిడ్డని గూడా సముద్రానికి ఇమ్మంటారా?"

వదిన పెద్ద రాయి తీసుకుని తాళం పగలగొట్టింది.

చివరికి ఆ వాదించుకున్నవాళ్ళు కూడా తడిసి వణుకుతూ గుమ్మం దగ్గరికొచ్చారు.

"లోపలికి రాండి" అంది వదిన, చాప జరుపుతూ.

బయట గాలి హోరు తగ్గలేదు. నీ కూతురు మాత్రం నా ఒళ్ళో నిద్రపోయింది.