సగం దించిన షట్టర్

మంగళవారం. తెలంగాణ కోసం సమ్మె, మూడో వారం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇవాళ కూడా బంద్. పద్మగారి కర్రీ పాయింట్ షట్టర్ సగం దించి ఉంది. ఆమెది గుంటూరు వైపు. ఆమె లోపల కూరలు వండుతుంటే, షట్టర్ ముందు జొన్నరొట్టెలు కాల్చే నల్గొండ యాదమ్మ ఆ కూరలను తనవని చెప్పి అమ్ముతోంది.

బంద్ వార్త కోసం వెళ్లిన నేను అక్కడుండగానే బంద్ చేయించేవాళ్లు వచ్చారు.

"గీ దుకాణం నాదే బిడ్డా. నిన్న ధర్నాల మీ పక్కనే కూసున్న కద. జర తిని పోండ్రి, గొంతు లేస్తది" అంది యాదమ్మ.

తిన్నారు. గోంగూర పప్పు మళ్లీ అడిగి వేయించుకున్నారు. లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది.

వాళ్లు వెళ్లాక పద్మగారు, "రాయకండి సార్. తెలిస్తే కొట్టు మూయిస్తారు, మా ఇల్లు గడవదు" అన్నారు.

యాదమ్మ ఒప్పుకోలేదు. "రాయి సారూ, నా పేరు పెట్టు. తెలంగాణ రావాలె, ఈమె పొయ్యి గూడ మండాలె. గిండ్ల దాసుడేముంది?"

ఎవరి మాట వినాలో తేలలేదు. చివరికి 'దుకాణాలన్నీ మూతపడ్డాయి' అని రాసి పంపాను. ఇరవై ఏళ్లలో తెలిసి రాసిన మొదటి అబద్ధం. పద్మగారికి అది చాలు. రేపు పేపర్ చూసి 'నా పేరేది సారూ' అని యాదమ్మ అడుగుతుంది.