వాన తెచ్చిన కరువు

అక్షరాల్లో తప్పులుంటే, రాత వంకరగా ఉంటే నవ్వొద్దు. ఐదో తరగతితో ఆగిన చెయ్యి ఇది. నువ్వు పోయి రేపటికి ఏడాది.

పరీక్షకు చదువుకుంటూ ఒకరోజు నువ్వు ఐర్లండు సంగతి చెప్పావు. నేను శెనక్కాయలు ఒలుస్తున్నాను. 1816లో అక్కడ వేసవంతా వాన ఆగలేదట. ఆలుగడ్డలు భూమిలోనే కుళ్లిపోయాయట. పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చడానికి ఎండబెట్టుకునే మట్టిపెళ్లలు కూడా ఆరలేదట. జనం ఆకలికి, జ్వరాలకు పోయారట.

"వానకు కరువొస్తాదా యాడన్నా? నన్ను ఆటపట్టిస్తాండావు," అన్నాను.

"చినుకు కోసం మొక్కే మన పత్తికొండోళ్లకు చెప్తే నన్ను తంతారులే," అని నువ్వూ నవ్వావు.

నువ్వు లేకుండా అత్తా నేనూ వేసిన మొదటి పంట ఇది. చెట్లు పీకి చేలో ఆరబెట్టిన రోజే వాన పట్టుకుంది. ఇంకా వదల్లేదు. శెనక్కాయలన్నీ మొలకలెత్తాయి.

ఆదివారం చర్చిలో అయ్యగారు కళ్లు మూసుకుని, ఎప్పటి అలవాటు కొద్దీ, "ప్రభువా, ఈ ఎండిన నేల మీద వాన కురిపించు," అన్నారు. అందరూ ఆమెన్ అనేశారు.

"వద్దయ్యా, సాలు!" అన్నాను, నలుగురిలో ఎప్పుడూ నోరెత్తని నేను, అందరికీ వినపడేలా.

చర్చంతా నవ్వింది. అత్త నవ్వలేదు. "మూగదానికి మాటొచ్చెనే. వాడు ఇనింటే శానా సంబరపడుంటాడు," అని నా చెయ్యి పట్టుకుంది.

నువ్వు చెప్పింది నిజమే. ఆ మాట అనడానికే రాశాను.

అందితే చదివి కాల్చెయ్యి. అందదుగా. పొద్దున నేనే పొయ్యిలో పెడతాను. కట్టెలు తడిసి అంటుకోవడం లేదు.