నాన్న ఆగిన చోటు

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. ఈసారి అలా రాయడానికి చెయ్యి రావడం లేదు. నాన్న మంచం మీదే ఉన్నాడు. దుకాణంలో పని ఎలాగో నడుస్తోంది. నాకు మాత్రం నీ ఉత్తరం చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. నాన్న మనుషుల్ని గుర్తుపడుతున్నాడు. కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. కింద దుకాణంలో పనివాడు చెక్క చిత్రిక పడుతుంటే, ఆ చప్పుడు విని సరిగ్గా లేదని ఎడమచేత్తో మంచం కొడతాడు. వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది! మాట మాత్రం పడిపోయింది. దాహమేసినా "అది... అది..." అంటాడు. నేను దిండు ఇస్తాను, దుప్పటి ఇస్తాను, చివరికి నీళ్లిస్తాను. అప్పటికి ఇద్దరికీ ఏడుపొస్తుంది.

ఇక నీ ఉపదేశం. నాన్నకు పక్షవాతం వచ్చింది, రమ్మని రాస్తే నువ్వు పంపిందేమిటి? "మతం వేరు, ఆధ్యాత్మికత వేరు అక్కా. మీరంతా గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నమ్మకం లేని ప్రార్థన చిలకపలుకు. వస్తే నాన్న ఆ ప్రార్థన పలకమంటాడు. నేనిక పలకను." ఫోన్లు కూడా లాక్కునే, నువ్వు చేరిన ఆ ధ్యాన కేంద్రంలో కళ్లు మూసుకుంటే లోపల వెలుగు కనిపిస్తోందట. సంతోషం. పిల్లి కూడా కళ్లు మూసుకునే పాలు తాగుతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

నీకు తెలియని సంగతి ఒకటుంది. పోయిన వారం దుకాణం మూసి పనిబల్ల తుడుస్తుంటే పైగదిలోంచి నాన్న గొంతు వినిపించింది. ప్రార్థన! మొదటి వరుస, ఒక్క అక్షరం పోకుండా. నీళ్లనే మాట రాని మనిషి! మెట్లెక్కి పరుగెత్తాను. మాటలు నేర్పే డాక్టరమ్మని అడిగితే, "ఏళ్ల తరబడి నోటికి అలవాటైనవి ఒక్కోసారి అలా మిగిలిపోతాయమ్మా. ఆపకండి. వాటిని పట్టుకునే మిగతా మాటలు రప్పించడానికి చూద్దాం" అంది.

అయితే ఆ వరుస దాటి ముందుకు పోవడం లేదు. మన ఇంట్లో ఎలా పలికేవాళ్లో మర్చిపోయావా? పని ముగిశాక నాన్న ఒక వరుస, నువ్వొక వరుస. నేను చెక్కపొట్టు ఊడుస్తూ వినేదాన్ని. ఇప్పుడు మొదటిది చెప్పి తలుపు వైపు చూస్తాడు. రెండోది నేనందుకుంటే తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటికొస్తాడు. "నేను చెప్తున్నా కదా నాన్నా!" అని నిన్న అరిచాను కూడా. వినడు. ఆయనకు నీ గొంతు కావాలి.

నమ్మకం లేకుండా పలకడం చిలకపలుకంటావు. అయితే విను. నాకూ నమ్మకం లేదు. అమ్మ పోయిన రోజే పోయింది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అయినా రోజూ ఆయన పక్కన కూర్చుని పలుకుతున్నాను. దీన్ని మతమంటావో, ఆధ్యాత్మికత అంటావో, చిలకపలుకంటావో నీ ఇష్టం. ఆ పేరేదో ఇంటికొచ్చి పెట్టు. నీకు దొరికిన వెలుగు కన్నతండ్రి మంచం దాకా రాకపోతే ఎవరికిరా అది?

ఉత్తరం ముగించబోతుంటే నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి వరుస అయింది. తలుపు వైపు చూస్తున్నాడు. నేను నోరు మెదపడం లేదు. రెండోది నీ వంతు.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని
అక్క