రహీం ఆడాల్సిన చోటు

ఒరే ఖాసిం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ అబ్బాయి రహీంని బెజవాడలో జీతమిచ్చి ఆడించే మిల్లు హాకీ టీము పిలిచింది. కాలేజీలో ముందుండి గోల్సు కొట్టే ఫార్వర్డుగా ఆడినవాణ్ణి, వెనక గోలు కాచే బ్యాకులో నిలబెడతానన్నాడు మేనేజరు. "బంతి ఎవరికీ పాసివ్వడండీ మాస్టారూ, కర్రకి అంటించుకునే తిరుగుతాడు" అట.

మన నందిగామ బడి గ్రౌండులో గులకరాళ్లకి తగిలి బంతి ఎటు పోతుందో తెలీదనేగా నువ్వు వాడికలా నేర్పింది! నాకు ఒళ్లు మండింది. "మీ టీముని మా గ్రౌండుకి తీసుకురండి, చూద్దాం" అన్నాను.

నిన్న వచ్చారు. వాళ్ల పాసులన్నీ రాళ్లపాలయ్యాయి. మన బడి పాతవాళ్లతో కలిసి ఆడిన రహీం మూడు గోల్సు కొట్టాడు.

"సరే, ఫార్వర్డులోనే ఆడిస్తాం. ఆ రాళ్లు మాత్రం ఏరించండి మాస్టారూ" అన్నాడు మేనేజరు బస్సెక్కుతూ.

నేనుండగా ఒక్క రాయి కూడా తియ్యనివ్వనన్నాను.